ఒకే వైపు జరిగిన గీత

అక్కా,

స్కాన్ రోజు టేబుల్ ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుని నువ్వన్న మాట నాకు గుర్తుంది. "కంప్యూటర్లూ గింప్యూటర్లూ నాకొద్దు. నా మెడలో గీతలు నువ్వే గీయాలి. నోటి రుచి పోయేటట్టయితే ఆ కరెంటే వద్దు, ఇంటికెళ్ళిపోతా" అన్నావు. నేను సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. స్కాన్ తీస్తే నీ మెడ పల్చటి పొరలు పొరలుగా కంప్యూటర్లోకి వస్తుంది. నువ్వు కరెంటు అంటున్న ఆ రేడియేషన్ తగలకూడని వాటి చుట్టూ, అంటే వెన్నుపాము, లాలాజల గ్రంథులు, ఇలాంటి వాటి చుట్టూ, ప్రతి పొర మీదా నేను పచ్చగీత గీస్తాను. ఆ తర్వాత డాక్టరుగారు క్యాన్సర్ గడ్డ చుట్టూ ఎర్రగీత గీస్తారు. ఇదివరకు ఒక మనిషికి గీసేసరికి పూట గడిచిపోయేది, నా మెడ పట్టేసేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చింది. నేను టీ తెచ్చుకునేలోగా అన్నీ గీసి పెడుతుంది. మొదట్లో దాన్ని చూస్తే సవతిని చూసినట్టుండేది. కానీ ఎన్నాళ్ళని మూతి ముడుచుకుంటాను? వెన్నుపాము వెంట దాని గీత దిగుతుంటే చూడాలక్కా! వణుకు లేదు, విసుగు లేదు, ఉదయం ఎంత శ్రద్ధో సాయంత్రమూ అంతే. తప్పులు చెయ్యదని కాదు. పన్నుకి లోహపు తొడుగు ఉంటే ఆ మెరుపుకి తడబడుతుంది. అందుకే అది గీసిందల్లా మేం దిద్దాలి. దిద్దగా దిద్దగా దాని మీద గౌరవం పెరిగింది.

నీ స్కాన్‌కి మాత్రం దాన్ని పక్కన పెట్టేశాను. అన్నీ నేనే గీశాను. గడ్డ నీ కుడి చెవి కింద, లాలాజల గ్రంథిని ఆనుకునే ఉంది. ఆ గ్రంథి దెబ్బతింటే నోరెండిపోతుంది, రుచి తగ్గుతుంది. హాస్టల్లో అంతమందికి వండుతూ, గరిటె కొస నాలుక్కి తగిలించుకుని "ఇంకో చిటికెడు పడాలి" అనే నువ్వే, నేను గీసినంతసేపూ నా కళ్ళ ముందున్నావు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చేత్తో గీసినా సరే, డాక్టరుగారికి పంపేముందు సాఫ్ట్‌వేర్ గీతల్ని మన గీతల మీద పెట్టి చూడాలి. గెలుస్తాననే చూశాను. ఎడమవైపు గీత మీద గీత పడింది. కుడివైపు నాది గ్రంథి దాటి గడ్డ మీదికి వెళ్ళింది. చెయ్యి జారితే అటూ ఇటూ జారాలి కదా? ప్రతి పొరలోనూ ఒకే వైపు జరిగింది. అయినా సాఫ్ట్‌వేరే పొరబడిందని వాదిద్దామని డాక్టరుగారిని పిలిచాను. ఆవిడ ఒక్కో పొరా జరిపి చూశారు.

"ఇది గీసిందెవరు?"

"నేనేనండి."

"నీకిక్కడ కనబడింది గ్రంథి కాదమ్మా, మీ అక్క."

నీ రుచి కాపాడబోయి గడ్డ అంచుకి కూడా గొడుగు పట్టానక్కా. ఆ గీతతోనే ముందుకెళితే అక్కడ కరెంటు సరిగ్గా అందేది కాదు. నువ్వెవరో తెలియని సాఫ్ట్‌వేర్ ఉన్నది ఉన్నట్టు గీసింది. నా గీతలు తీసేశాను. దాని గీతల్ని నా పక్క సీటాయన దిద్దుతాడు, డాక్టరుగారు సరిచూస్తారు. నేను ముట్టుకోను. ఎడమవైపు గ్రంథి చాలావరకు దక్కుతుంది. కుడివైపుది కష్టమే. కొన్నాళ్ళు నీకు రుచి తెలియదు, తర్వాత ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను. నన్ను ఎంతైనా తిట్టు, కానీ సోమవారం కరెంటుకి రా. నువ్వు లేకుండా బతకడం నాకు రాదు.

నీ చిట్టి


చిట్టీ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. సొంత అక్కని కంప్యూటర్‌కి అప్పజెప్పి చేతులు దులుపుకుందని మీ బావ దగ్గర నానా మాటలూ అన్నాను. ఆయన ఉత్తరం లాక్కుని పైకి చదివాడు. గొడుగు పట్టానన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నువ్వే గీయాలని పట్టుబట్టింది నీ పనితనం చూసి కాదు. అదేం తెలుసు నాకు, అక్కడ కూర్చుని బొమ్మలకి రంగులేస్తావనుకునేదాన్ని! నాకు భయం వేసిందే. ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పేది నేను, నాకెవరు చెప్తారు? నువ్వు గీస్తే నా పక్కనే ఉన్నట్టుంటుందనుకున్నాను. రుచి మీద బెంగ లేదనను. నా పొయ్యి దగ్గర నేనే పరాయిదాన్నయిపోతానేమోనని ఏడుపొస్తోంది. ఉప్పు చూడటానికి మీ బావని పెడతాను. పెళ్ళైనప్పటి నుంచీ నా వంటకి వంకలు పెడుతూనే ఉన్నాడు, ఇక ఆ పని దర్జాగా చేసుకుంటాడు.

నేనెవరో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలియదన్నావు, అదే మంచిది. గీతలు దాన్నే గీయనీ. నన్నెరిగినదానివి, నీకు వేరే పని ఉంది. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి ఆ వలలాంటి తొడుగు బిగించి, నన్నొక్కదాన్నే గదిలో వదిలి తలుపేస్తారట. బయట నుంచి మైకులో మాట్లాడొచ్చని నర్సు చెప్పింది. సోమవారం వస్తున్నాను. ఆ మైకు దగ్గర నువ్వు కూర్చో. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఆ తొడుగులో దవడ కదలదు, కాబట్టి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నువ్వు చెప్పేది పూర్తిగా వింటాను.

నీ అక్క