ఎనిమిదోసారి పాకం

మార్చి 4
నాలుగోసారి కూడా అదే పాకంతో పని జరిగింది. చెక్కపొడిలోంచి లిగ్నిన్ బాగా వచ్చింది. కర్రని కర్రగా పట్టి ఉంచే జిగురది. కాగితం మిల్లుల్లో దాన్ని విడదీయడానికి గంధకం మందులు వేసి ఉడికిస్తారు, ఊరంతా కంపు. మాది కోలిన్ క్లోరైడ్, లాక్టిక్ యాసిడ్ కలిపి కాచిన చిక్కటి ద్రవం. మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. పాకం అని పేరు పెట్టింది అక్క. సొంత అక్క కాదు, ల్యాబ్‌లో నా సీనియర్. పదిసార్లు వాడి చూపిస్తే నా కాంట్రాక్ట్ రెన్యూ చేస్తానన్నారు డైరెక్టర్.

మార్చి 9
ఐదోసారి దిగుబడి సగానికి పడిపోయింది. బాత్రూమ్‌లో ఏడ్చాను. అక్క తన లంచ్ బాక్స్ నా ముందు పెట్టి, లిగ్నిన్ విడదీయడానికి పోసిన నీళ్ళు ఆవిరి చేసి పాకాన్ని తిరిగి రాబట్టే పని ఇకనుంచి తను చూసుకుంటానంది.

మార్చి 14
ఆరు. దిగుబడి మళ్ళీ పెరిగింది!

మార్చి 21
ఎనిమిది. వాడేకొద్దీ నల్లబడాల్సిన పాకం తేటపడింది. దానంతటదే శుభ్రపడుతోందని నోట్‌బుక్‌లో రాసి, కింద రెండు గీతలు గీశాను.

మార్చి 23, ఉదయం 11
స్టోర్‌లో లాక్టిక్ యాసిడ్ కొత్త సీసాలు రెండు ఖాళీ. నేను తెరవలేదు. రిజిస్టర్‌లో ఆరు, ఏడు, ఎనిమిదోసారి తేదీల దగ్గర మూడుచోట్ల అక్క సంతకం.
తేటపడిందట! కొత్తది కలిపితే తేటపడక చస్తుందా. నా అంత వెర్రిబాగులది ఇంకోటి ఉండదు.
అడిగితే అక్క కళ్ళైనా దించుకోలేదు. "నీకోసమే చేశానే. నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ నాకెవరున్నారు?" అంది.
ఒళ్ళు మండిపోయింది. రిజిస్టర్ మూసేసి బయటికొచ్చేశాను.

మార్చి 24
డైరెక్టర్‌కి చెప్పేద్దామన్నాను. నాలుగుసార్లే పనిచేసింది, ఆ నాలుగైనా నిజమే కదా. అక్క సరేనంది. సోమవారం ఇద్దరం కలిసి వెళ్దామంది. హాయిగా అన్నం తిన్నాను.

మార్చి 27
అక్క శనివారమే డైరెక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఒక్కతే. కొత్త పాకం కలిపింది నేనని, తను కనిపెట్టి పట్టుకున్నానని చెప్పింది. ఈరోజు డైరెక్టర్ పిలిస్తే, సంతకాలు ఆమెవే కదా అన్నాను. నేను బతిమాలితే సీసాలు తెచ్చిపెట్టిందట. డైరెక్టర్ నా నోట్‌బుక్ తెరిచి ఆ రెండు గీతల మీద వేలు పెట్టారు. దొంగ లెక్కకి ఇంత ఆర్భాటమా అన్నారు.
నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. 

మార్చి 31
బ్యాడ్జ్ ఇచ్చేశాను. ప్రాజెక్ట్ ఇక అక్కది. గేటు దాకా వచ్చింది. నోట్‌బుక్‌లో నా రాత అర్థం కావడం లేదట, నాలుగోసారికి వేడి ఎంత పెట్టావని అడిగింది.
చెప్పాను. సరిగ్గానే చెప్పాను.