జోడీ తక్కువైన కోలాటం

సిస్టర్ గారూ,

మీరు కన్నుమూశాక మన బడిలో జరిగిన మొదటి మేరీమాత పండగ ఇవాళే. నెలరోజులుగా పిల్లలకు కోలాటం నేర్పి నేర్పి నా గొంతు బొంగురుపోయింది.

తీరా మొదలయ్యే వేళకు ఒక పిల్లకు జ్వరం వచ్చింది. జోడీ లేక మూడో తరగతి లక్ష్మి ఏడుపు అందుకుంది. ఇలాంటప్పుడు మీరే నవ్వుతూ కర్రలు పట్టుకుని దిగేవారు. ఇవాళ నేను దిగాను. మోకాళ్ళు సహకరించక రెండుసార్లు తాళం తప్పాను.

లక్ష్మి కళ్ళు తుడుచుకుని, "కంగారు పడకండి మేడం, నన్ను చూసి వెయ్యండి," అంది. దాన్ని చూస్తూనే చివరిదాకా ఆడాను.

ఇప్పుడు ఒళ్ళంతా ఒకటే నొప్పులు. ఈ ఏడాదితో కోలాటం నేర్పడం మానేస్తానని కొత్త హెడ్‌మిస్ట్రెస్‌ గారికి చెబుదామనే పొద్దున బడికి వెళ్ళాను, సిస్టర్. ఆట అయ్యాక చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.