అత్తయ్య కత్తెర, నా కార్టూన్లు

మార్చి 3, సోమవారం
ప్రెస్ నుంచి వచ్చేశాయి! నా కార్టూన్లు, కామిక్స్, కుక్క బొమ్మల దగ్గర్నుంచి ఆఫీసు లిఫ్టు కథ దాకా అన్నీ కలిపి ఒక బుక్. ఏ పబ్లిషరూ తలుపు తియ్యలేదు. అందుకే నేనే పబ్లిషర్ని. ఆదివారం బుక్ ఫెయిర్లో టేబుల్ కూడా తీసుకున్నా. ఇంక పెద్ద షీట్లని మధ్యకి మడిచి పిన్నులు కొట్టడమే. ఈ పిచ్చి గీతలకి ఇన్ని కాగితాలా అంది అత్తయ్య.

మార్చి 4, మంగళవారం
కొంప మునిగింది.

అదే రోజు, సాయంత్రం 7
ఏడుపు అయింది. ఇప్పుడు రాయగలను.

మడిచే బుక్కుకి ఒకే షీటు మీద మొదటి పేజీ పక్కన చివరి పేజీ ఉంటుంది. మడిచి ఒకదాన్లో ఒకటి పెడితే అన్నీ వరసలోకి వచ్చేస్తాయి. జీవితమంతా టైలరింగ్ చేసిన అత్తయ్యకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? నేను ఆఫీసుకి వెళ్లాక చూసిందట. ఒకటి పక్కన ఇరవై నాలుగు! ప్రెస్ వాడికి అంకెలు రావనుకుంది. పాపం కోడలు నలుగురిలో నవ్వులపాలవుతుందని పెద్ద కత్తెర తీసి, ప్రతి షీటునీ మధ్యకి కత్తిరించి, పేజీలు వరసగా పేర్చింది. ఒక్కటీ వదల్లేదు మహాతల్లి. ఇంక మడతే లేదు. పక్కన పిన్ను కొట్టి చూశా, తిరగేస్తే ఊడిపోతోంది.

మెచ్చుకుంటానని టీ పెట్టి మరీ ఎదురుచూస్తోంది. ఆ మొహం చూసి టీ తాగేసి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చా.

మార్చి 5, బుధవారం
అమ్మ కత్తిరించడం వల్లే బుక్కులు పాడయ్యాయని మా ఆయన నోరు జారాడు. అత్తయ్య భోజనం మధ్యలో లేచి వెళ్లి తలుపేసుకుంది.

మార్చి 6, గురువారం
పొద్దున్నే టకటకటక. వెళ్లి చూస్తే కుట్టుమిషన్ ముందు అత్తయ్య. నా పేజీలని ఎడమ అంచు వెంట ఎర్ర దారంతో కుట్టేస్తోంది. జీన్స్ ప్యాంట్లకి వాడే సూదట. లాగి చూడమని నా చేతిలో పెట్టింది. ఊడితే ఒట్టు!

ఒకటే చిక్కు. కుట్టు బొమ్మల్ని మింగేస్తోంది. నా కుక్కకి తోక పోయింది, లిఫ్టు ఆపరేటరుకి చెవి పోయింది. కుట్టుకి ఖాళీ వదలకుండా ఎవరైనా గీస్తారా అని నాకే క్లాసు పీకింది. కత్తిరించింది ఎవరు తల్లీ! నాకు నవ్వాగలేదు. తనకీ ఆగలేదు.

మార్చి 9, ఆదివారం
అన్నీ అమ్ముడుపోయాయి! ప్రతివాళ్లూ ముందు కుట్టు తడుముతారు, తర్వాతే లోపల తెరుస్తారు. కుక్కకి తోకేదని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే, అదే మా స్టైలని అత్తయ్య అందుకుంది. మా స్టైలట! అక్కడే పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పక్క టేబుల్ కార్టూనిస్టు తన బుక్ కూడా కుట్టిపెట్టమంటే, డెలివరీకి వారం పడుతుందని మొహం బిగించి చెప్పింది. ఇంటికొస్తూ బస్సులో లిఫ్టు కథ చదివి పకపకా నవ్వింది. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు నటించా.

మార్చి 12, బుధవారం
ఫ్రిజ్ మీద ఒక బొమ్మ అతికించి ఉంది. పెద్ద కత్తెర పట్టుకున్న ముసలావిడ, ఎదురుగా నోరు తెరిచిన కోడలు. గీసింది నేను కాదు. ఎడమవైపు కుట్టుకి అంగుళం ఖాళీ వదిలి మరీ గీసింది.