తాడుతో కట్టిన బోర్డు

అలేఖ్య బాపుకు,

రమ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మన బిడ్డ అలేఖ్య, అత్తమ్మ అందరం బాగున్నాం. ఆ ఎడారి ఎండలో మీరూ చల్లగా ఉండాలని రోజూ మొక్కుకుంటున్నాను. దుబాయ్ వస్తున్న దేవదాస్ బావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్‌లో చెబితే మీ కోపం ముందు వస్తుంది, నా మాట వెనకబడుతుంది.

పత్తి ఏరడం అయిందా అని అడిగారు. మొదటి విడత అయింది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గలేదు గానీ నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

మన ఊరు మండలమైంది! ఇక పట్టా పనికి వాగు దాటి కాగజ్‌నగర్ పోనక్కర్లేదు. మామ పోయాక ఆయన భూమిని తన పేరు మీదికి మార్పించుకోవడానికి అత్తమ్మ ఎంత తిరిగిందో మీకు తెలుసు. వాగొచ్చి సగం దారిలో వెనక్కి వచ్చిన రోజులే ఎక్కువ.

కానీ మండలాఫీసు పెట్టడానికి ఊళ్లో జాగా లేదు. బడి గదులు కురుస్తున్నాయి. వాగు అవతలి ఊరివాళ్లేమో మా దగ్గర హాలుంది, మాకివ్వండని అధికారుల చుట్టూ తిరిగారు. సర్పంచ్ సుధాకరన్న మన అరుగు మీద కూలబడ్డాడు.

"మండలం వచ్చింది గని నిలిచేటట్టు లేదు చెల్లె."

మీ సంపాదనతో కట్టిన కొత్త ఇంట్లో, మీరొచ్చి పాలు పొంగించేదాకా ఎవరినీ అడుగు పెట్టనీయొద్దని రాశారు. ఇక దాచను. ఆ ఇల్లు ఆఫీసుకు ఇచ్చాను. సొంత భవనం కట్టుకునేదాకానే. భయపడుతూనే అత్తమ్మను అడిగాను.

"ఖాళీగుంటే గబ్బిలాలు జేరుతయి. ఇయ్యి బిడ్డా. వానికి కోపమొస్తే నేను జెప్త, నువ్వు ఫికర్ జెయ్యకు" అంది.

వంటింటికి మాత్రం తాళం వేశాను. మొదటి రోజు తహసీల్దార్ మేడమ్ పాలు పొంగిద్దామంది.

"పాలు మా ఆయన వచ్చినంకనే మేడమ్" అన్నాను. ఆమె నవ్వి కొబ్బరికాయ కొట్టింది.

మొదటి పని అత్తమ్మదే అయింది. వేలిముద్ర వేసి, పట్టా కాగితం పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "నా కొడుకు ఇంట్లనే నా పనైంది. మీ మామ ఉంటే సూశెటోడు" అని ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు.

మీరు గుమ్మం మీద మామ పేరు రాయించమన్నారు. అక్కడిప్పుడు ఆఫీసు బోర్డు ఉంది. మేకు కొట్టనివ్వలేదు, తాడుతో కట్టించాను. మీరొచ్చాక మీ చేత్తోనే విప్పండి.

ఇట్లు,
మీ రాక కోసం పాలగిన్నె తోమి పెట్టుకున్న
అలేఖ్య అవ్వ, మీ రమ