నల్ల మూత కింద దుమ్ము

మార్చి 3, సోమవారం

బోర్డు వచ్చింది. ఈయనే వెళ్లి తెచ్చాడు. నేను వెళ్తానంటే, నువ్వెళ్తే బేరం కాదు యుద్ధమవుతుంది అన్నాడు. సరే పొమ్మన్నాను. తెచ్చిన నిర్వాకం చూడాలి! ఓపెన్ బాక్స్ పీసు. ఎవరో కొని వెనక్కిచ్చింది. పెట్టె మీద స్టిక్కర్: మూల దగ్గర చిన్న డ్యామేజ్, పనికి ఇబ్బంది లేదు, డిస్కౌంట్. ఆ మూల చూస్తే ఎలుక కొరికినట్టు ముక్క లేచిపోయి ఉంది. కొత్త మదర్‌బోర్డు తెమ్మంటే ఇది పట్టుకొచ్చి, పైగా సగం ధరకే వచ్చిందని మురిసిపోతున్నాడు.

నా కంప్యూటర్లో పోయింది బోర్డొక్కటే, మిగతాదంతా బాగానే ఉందని మెకానిక్ చెప్పాడు. నర్సింగ్ కోర్సు గైడు పేజ్ మేకప్ ఇంకా ఎనభై పేజీలు మిగిలింది. ఇరవయ్యో తారీఖుకి ఇవ్వకపోతే ఇంకొకరికిచ్చేస్తానని ప్రెస్ ఆయన మొహం మీదే చెప్పాడు. పన్నెండేళ్లుగా ఆయనకి చేస్తున్నాను. ఈ పుస్తకం పోతే ఆ ప్రెస్ మొత్తం పోయినట్టే.

పెట్టె నిండా దుమ్ము. తుడవకుండా ఏ వస్తువునీ ఇంట్లో పెట్టను, అది అందరికీ తెలిసిందే. పైనా కిందా అంతా తుడిచాను. మధ్యలో చిన్న నల్ల మూత ఉంటే అదీ తీసి, దాని కింద కూడా తుడిచి, మళ్లీ మూసేశాను. నన్ను కూడా తుడిచి షెల్ఫులో పెడతావేమో అన్నాడు ఈయన. పెట్టాల్సిందే.

మార్చి 5, బుధవారం

స్క్రీన్ నల్లగానే ఉంది. మెకానిక్ గంటన్నర కూర్చున్నాడు. బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. చివరికి ప్రాసెసర్ తీసి టార్చి వేసి చూపించాడు. అది కూర్చునే చోట వెంట్రుకంత పిన్నులు వందలకొద్దీ ఉన్నాయి. ఒక పక్క ఐదు పిన్నులు వంగి పడుకున్నాయి. ఇది తన వల్ల కాదన్నాడు. మూల దెబ్బతిన్నప్పుడే ఇవీ వంగాయా అని నేనే అడిగాను. అయ్యుండొచ్చు అన్నాడు. అయ్యుండొచ్చు ఏమిటి, ముమ్మాటికీ అదే.

పనికి ఇబ్బంది లేదట! ఒళ్లు మండిపోతోంది.

మార్చి 6, గురువారం

షాపుకి నేనే వెళ్లాను. కౌంటర్లో కళ్లజోడు అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. బిల్లు వేసే ముందు తనే లైటు పెట్టి చూశానంది. పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయంది. నల్ల మూత తీయొద్దని సార్‌కి రెండుసార్లు చెప్పానంది. లోపల ఎవరైనా చెయ్యి పెట్టారా ఆంటీ అని మెల్లగా అడిగింది.

నలభై ఆరేళ్లకే ఆంటీనైపోయాను, అది వేరే సంగతి. చెయ్యి పెట్టడానికి నేనేమన్నా పాలుతాగే పిల్లనా? అక్కడే, అందరి ముందే కడిగిపారేశాను. కొనడానికొచ్చినవాళ్లు కొనడం మానేసి మమ్మల్నే చూశారు. ఆ పిల్ల కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. డిస్కౌంట్ పీసుకి రిటర్న్ లేదు ఆంటీ అంది. అంత నెమ్మదిగా ఎలా మాట్లాడుతుందో నాకర్థం కాలేదు.

ఇంటికొచ్చి ఈయన్ని నిలదీశాను. మూత సంగతి చెప్పినట్టే గుర్తు అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు తీస్తావని కలగన్నానా అన్నాడు. తీస్తే ఏమవుతుంది? తుడిచాను గానీ సుత్తి పెట్టి కొట్టలేదు కదా!

మార్చి 7, శుక్రవారం

షాపు ఓనరుకి ఫోన్లోనే పొడుగాటి మెయిల్ కొట్టాను, బొటనవేలు లాగేదాకా. మీ కౌంటర్లో అమ్మాయి చూడకుండానే చూశానంటోంది, పచ్చి అబద్ధాలకోరు అని రాశాను. నెట్‌లో ఒక్క స్టార్ ఇచ్చాను. సున్నా ఇచ్చే వీలుంటే సున్నాయే ఇచ్చేదాన్ని.

మార్చి 10, సోమవారం

ఓనరు ఫోన్ చేశాడు. వెరీ సారీ మేడమ్ అన్నాడు. అలాంటి బోర్డు ఇంకోటి లేదట, నెలాఖరుకి గానీ రాదట. ఆ అమ్మాయిని మాత్రం ఇవాళ్టి నుంచి మాన్పించేశాడట.

మంచి పని చేశారన్నాను. కసి తీరింది.

బోర్డు మాత్రం బల్ల మీద అలాగే పడి ఉంది. ఇంక పదిరోజులు.

మార్చి 11, మంగళవారం

మెకానిక్ ఫోన్. ఆ పిన్నులు నిలబెట్టాలంటే గడియారాలు బాగుచేసేవాళ్ల చెయ్యి కావాలట. కంటికి పెట్టుకునే భూతద్దం, సూదిమొన పట్టకారు వాళ్ల దగ్గరే ఉంటాయట. తెలిసినవాళ్లున్నారా అని అడిగాడు.

ఉన్నాడు. చచ్చినా వెళ్లను.

మార్చి 13, గురువారం

ఇంక వారమే. వెళ్లక ఏం చేస్తాను.

మా అన్నయ్యది గడియారాల కొట్టు. మా ఇద్దరికీ మాటల్లేక మూడేళ్లు. అమ్మ గోడగడియారం బాగుచేసి ఇచ్చాడు, వారం తిరక్కుండా ఆగిపోయింది. నీ చెయ్యి పడిపోయింది, ఇంక కొట్టు మూసుకో అన్నాను, వదిన ముందే. సరిగ్గానే చేశానమ్మా అని ఒక్కసారి అన్నాడు. మళ్లీ మా గుమ్మం ఎక్కలేదు. ఆ గడియారం ఇప్పటికీ హాల్లో నాలుగూ పది చూపిస్తోంది. రోజూ తుడుస్తూనే ఉన్నాను.

ఈయన్ని పంపుదామనుకున్నాను. వద్దు. మళ్లీ ఏదో డిస్కౌంట్లో పట్టుకొస్తాడు.

మార్చి 14, శుక్రవారం, మధ్యాహ్నం

మంచమంత వెడల్పు లేదు ఆ కొట్టు. అన్నయ్య తలెత్తి చూశాడు. ఇన్నాళ్లకి గుర్తొచ్చానా అనలేదు. ఏం తెచ్చావన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

ఫ్యాను ఆపి, భూతద్దం కంటికి పెట్టుకుని పనిలో పడ్డాడు. నా నోరు ఊరుకోదుగా, మొదలుపెట్టాను. షాపువాడు ఎలా ముంచాడో, మూల ఎలా విరిగిందో, ఆ కళ్లజోడు పిల్ల ఎన్ని అబద్ధాలాడిందో, దాని ఉద్యోగం ఎలా ఊడబీకించానో. ఊఁ కొడుతూ ఒక్కో పిన్నూ లేపుతున్నాడు. నేను అన్నయ్య చేతినే చూస్తున్నాను. వణుకుతుందేమోనని. వణకలేదు. రవ్వంత కూడా వణకలేదు.

నాలుగు లేచాయి. ఐదోదాని దగ్గర ఆగాడు. పట్టకారుతో ఏదో పట్టి మెల్లగా లాగి, తెల్లకాగితం మీద పెట్టాడు. పోగు. కంటిరెప్ప వెంట్రుకంత ఉంది. ఆకుపచ్చది.

భూతద్దం తీసి నా చేతికిచ్చాడు. చూశాను. నా రెండో చేతిలో గుడ్డ ఉంది. బల్ల మీద దుమ్ముందని తుడుద్దామని అప్పుడే బ్యాగులోంచి తీశాను. పాత దుప్పటి చింపి చేసుకున్న గుడ్డ. ఆకుపచ్చది.

ఒక్క మాట అనలేదు అన్నయ్య. అంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని కదా. ఐదో పిన్ను కూడా లేపి, బోర్డు మూతేసి ఇచ్చాడు. లేవబోతుంటే అమ్మ గడియారం ఉందా అని అడిగాడు. ఉందన్నాను. నడుస్తోందా అన్నాడు. లేదన్నాను. తలూపి ఇంకేదో వాచీ అందుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. నా మీద నాకే ఎంత కోపంగా ఉందో రాయడానికి కూడా చేతకావడం లేదు.

మార్చి 15, శనివారం

కంప్యూటర్ ఆన్ అయింది. ఈయన చప్పట్లు కొట్టాడు. కొట్టొద్దని అరిచాను.

మార్చి 17, సోమవారం

షాపుకి వెళ్లాను. పిన్నులు వంచింది నేనే, మీ అమ్మాయి చెప్పిందంతా నిజమే అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను. ఆవేళ అరిచినంత గట్టిగా. ఓనరు నవ్వేసి, పోనివ్వండి మేడమ్, అయిపోయిందిగా అన్నాడు. పోనివ్వడమేమిటి? ఒక మెయిల్ చూసి, అటూ ఇటూ అడక్కుండా పిల్లని తీసేస్తాడా? ఇందులో నా తప్పెంతో వాడి తప్పూ అంతే. ఇప్పుడే ఆ పిల్లకి ఫోన్ కలపండి, లేకపోతే ఇక్కడినుంచి కదలనని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

కలిపాడు. వాడు మళ్లీ పనికి రమ్మన్నాడు, ఆ పిల్ల రానంది. మంచి పని చేసింది. తర్వాత ఫోన్ నాకిమ్మంది.

అంతా చెప్పాను. వేరేచోట అడిగితే పాత షాపులో ఎందుకు మానేశావంటున్నారు ఆంటీ అంది. జరిగిందంతా కాగితం మీద రాసి, నా సంతకం పెట్టి ఇస్తానన్నాను. సరే అంది. తర్వాత, పిన్నులు లేచాయా అని అడిగింది. లేచాయన్నాను. ఐదూనా అంది. ఐదూ అన్నాను. హమ్మయ్య అంది.

రోడ్డు మీదే ఏడ్చాను.

మార్చి 20, గురువారం

పుస్తకం ఇచ్చేశాను. ప్రెస్ ఆయన ఇంకోటి చేతిలో పెట్టాడు. కాగితం రాసి, ఆ అమ్మాయికి ఇచ్చొచ్చాను. ఒక్క స్టార్ తీసేసి, జరిగింది జరిగినట్టు రాశాను.

మార్చి 21, శుక్రవారం, ఉదయం 9

గోడగడియారం దించి వెనక తలుపు తీశాను. పళ్లచక్రానికి పోగు చుట్టుకుని ఉంది. నీలం రంగు. మూడేళ్ల కింద తుడుపుగుడ్డలకి చింపింది నీలం దుప్పటే.

తుడవలేదు. అన్నయ్య దగ్గరికి అలాగే పట్టుకెళ్తున్నాను.