తుంచని తులసి వెన్నులు

కళింగపట్నం, మే 1942

చి.సౌ. గౌరికి, పొందూరులో పుట్టింట నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తెలిసి స్థిమితపడ్డాను.

విశాఖలో బాంబులు పడ్డాక మన వీధిలో ఇళ్లన్నీ తాళాలే. నన్నూ వచ్చెయ్యమన్నావు. కొట్టు వదిలి ఎలా రాను? పైగా నీ పెరడొకటి. వీధిలో నీళ్లు పోస్తున్న పెరడు ఇదొక్కటే కాబోలు, తేనెటీగలన్నీ ఇక్కడే చేరాయి. నువ్వు రోజూ తుంచేసే తులసి వెన్నులు నేను బద్ధకించి వదిలేశాను. పొద్దున్న వాటి మీద ముసురుతున్నాయి, సాయంత్రం బీరపూల మీదికి పోతున్నాయి. నిరుడు పిందె నిలవలేదని ఏడ్చావే, ఆ పాదు ఇప్పుడు విరగ కాసింది. పాలు పోసే సూరమ్మ చూసి, "ఊరంతా ఎల్లిపోనాది గానీ తేనీగలు మిమ్మల్నొగ్గేసి ఎల్లనేదు బాబూ!" అంది.

ఆవకాయ జాడీ ఎక్కడ దాచావు? వెంటనే రాయి, రోజూ బీరకాయ తినలేక చస్తున్నాను. పాపకు దగ్గు తగ్గిందా? అత్తగారికీ మామగారికీ నా నమస్కారాలు.

మొదటి కాయ నువ్వు విత్తనానికి ఉంచుతావు కదా, నేనూ కోయలేదు. అది పాదు మీదే ఎండి గలగలలాడే నాటికి ఈ గొడవ సద్దుమణుగుతుంది. గింజలు నువ్వే వచ్చి తియ్యాలి.

నగరేశ్వరరావు