ముందు బోల్టు తీయాలి

అమ్మకు,

లోరిన్ ముద్దులతో రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, వెర్న్ బాబాయీ, మన కుంటి కుక్కా చలికి తట్టుకుని కులాసాగా ఉన్నారనుకుంటాను. కోటు సరిపోయింది, చేతులే కాస్త పొడుగు. నువ్వు పంపిన ఎండు జింకమాంసం నా గదిలో ఉండే టెస్ ఒక్కతే సగం తినేసింది. అవును, వేళకు నిద్రపోతున్నాను.

ఇక నీ అసలు ప్రశ్న. మన ఊళ్ళో తీసిన డాక్యుమెంటరీని శనివారం హైస్కూల్లో వేస్తున్నారనీ, తర్వాత వేదిక మీద కూర్చుని నాన్న సంగతి మళ్ళీ చెప్పమని దర్శకుడు ఏడ్రియన్ అడిగాడనీ రాశావు. వెళ్ళనా అన్నావు. పోయిన వారం ఇక్కడ కాలేజీలో మా క్లాసులో దాన్నే చూపించారు. తుపాకీ హింస మీద చాలా గొప్ప చిత్రమట.

అమ్మా, అది చెత్త. మోసం అందామనుకున్నాను గానీ, మోసానికి కొంత తెలివి కావాలి. మన లోయను ఆకాశంలోంచి చూపిస్తూ పియానో మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. ఎవరైనా నోరు విప్పితే పియానో. నోరు మూసుకుంటే ఇంకాస్త పియానో. బాబాయి చేత తుపాకుల బీరువా తెరిపించి, ఆయన మొహం వదిలేసి తాళంచెవిని చూపించారు. జింకల వేట మొదలయ్యే రోజున బడికి సెలవని చెప్పేటప్పుడు వ్యాఖ్యాత గొంతు తగ్గించాడు, ఏదో క్షుద్రపూజను బయటపెడుతున్నట్టు. బడి కాల్పుల్లో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల దుఃఖం నిజం. దాన్ని అంగట్లో పెట్టిన తీరే నాకు అసహ్యం. ఈ దేశంలో తుపాకీతో పోయేవాళ్ళలో సగానికి పైగా తమ ప్రాణం తామే తీసుకుంటున్నారు. అంత సినిమాలో వాళ్ళ ఊసే లేదు. వాళ్ళకు పియానో నప్పదు కాబోలు.

తర్వాత నువ్వొచ్చావు, వంటింటి బల్ల దగ్గర, నీలం స్వెట్టర్లో. "తుపాకీ తుడుస్తుంటే పేలింది" అన్నావు. వెంటనే మంచి తాళాలు కొనుక్కోమని ఒక నిపుణుడి ఉపన్యాసం.

"ఎంత అజాగ్రత్త మనిషో" అన్నాడు నా పక్కన కూర్చున్న కెల్విన్.

"ఎవరు?"

"ఆవిడ మొగుడు. గుండు ఉన్న తుపాకీని ఎవడైనా తుడుస్తాడా?"

"తుడవడు" అన్నాను.

చిన్నప్పుడు నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం గుర్తుందా? "ముందు బోల్టు తీసి నా చేతికియ్యి, బంగారం. ఆ తర్వాతే గుడ్డ ముట్టుకో." బోల్టు లాగితే లోపలి గుండూ బయటపడుతుంది, ఇక ఆ తుపాకీ పేలని వట్టి ఇనుపగొట్టం. మన లోయలో పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి ఏడ్రియన్‌కు తెలియదు, ఎవర్నీ అడగనూ లేదు. మనవాళ్ళకు తెలుసు. నాన్నను సాగనంపిన రోజు చర్చి కింది గదికి గిన్నెల్లో వంటలు పట్టుకొచ్చి, "తుడుస్తుంటే పేలిందటగా" అని ఒకరి తర్వాత ఒకరు తమ బూట్లు చూసుకుంటూ అన్నారు. ష్రోడర్ వాళ్ళబ్బాయి పోయినప్పుడు మనమూ వాళ్ళతో అదే అన్నాం. అది మన మర్యాద. ఆ మూర్ఖ దర్శకుడు దాన్ని సాక్ష్యమనుకున్నాడు.

ఇప్పటిదాకా నీకు చెప్పనిది ఒకటుంది. సినిమా అయ్యాక లేచి నిలబడ్డాను. "ఆవిడ మా అమ్మ. ఆ రోజు మా నాన్న తుపాకీ తుడవడం లేదు" అన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. గదికి తిరిగొచ్చేటప్పుడు దారిలో టెస్ నా చెయ్యి పట్టుకుని, "మా మామయ్యకు కూడా తుడుస్తుంటేనే పేలింది, లోరిన్" అంది.

నువ్వు వెళ్ళినా సరే, మానినా సరే. వెళితే మాత్రం నాన్నను మరోసారి అజాగ్రత్త మనిషి అనిపించకు. ఆయన ఎప్పుడూ ముందు బోల్టు తీసేవాడు. ముందు వరసలో ఆ ష్రోడర్ అబ్బాయి తల్లి కూర్చుంటుంది, ఆవిడను చూస్తూ చెప్పు. శుక్రవారం బస్సుకు వస్తున్నాను. వేదిక మీద నీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యమను.

ఇట్లు,
నీ దగ్గరికి బయలుదేరుతున్న కూతురు,
లోరిన్